ఏ దయ్యానికి భయపడాలె?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

సినిమాల విషయంలో మా హాస్టల్లో మూడు పార్టీలు ఉన్నాయి. మొదటిది దయ్యాల పార్టీ. లైట్లార్పి, దుప్పట్లు కప్పుకొని, నలుగురు కలిసి ఒక్క ఫోనులో సినిమా చూసి, ఆ తర్వాత బాత్‌రూముకు పోవడానికి తోడు వెతుక్కునే మహావీరులు వీళ్లు. రెండోది కల్ట్ పార్టీ. విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోని సినిమాను ఇరవైసార్లు చూసి, డైలాగులన్నీ కంఠతా పట్టి, మెస్సులో పప్పు వడ్డించమనడానికి కూడా ఆ డైలాగే వాడతారు. మూడోది ఆర్టు పార్టీ. సంఖ్యలో ఇద్దరే. వాళ్లు చూసే సినిమాలో మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. సినిమా అయిపోయాక వాళ్లిద్దరూ మాట్లాడడం ఆపరు.

నేను ఏ పార్టీ సభ్యుణ్ణీ కాను. మూడు పార్టీల దుప్పట్లలోనూ దూరి చూసినవాణ్ణి. అందుకే ఈ సావనీరులో నాలుగు మాటలు రాయాలనిపించింది. "జంతుశాస్త్రం చదివేటోనికి సినిమా విమర్శ ఎందుకుర?" అని మిత్రులు అడగవచ్చు. నేను సినిమా పండితుణ్ణి కానని ముందే మనవి చేసుకుంటున్నాను. వరి, పత్తి పండించే ఇంట్లో పుట్టిన ఇరవై ఏళ్ల పిల్లగాణ్ణి. కాకపోతే ప్రయోగశాలలో మాకు ఒక అలవాటు చేశారు. ఏ వస్తువునైనా ముందు ఒక కొలతతో కొలిచి, ఆ తర్వాతే మాట్లాడాలి. సినిమాలకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: ఈ సినిమా నన్ను ఎవరికి భయపడమంటున్నది?

పాటలు బాగున్నాయా, ఫొటోగ్రఫీ బాగుందా అనేవి దాని తర్వాతి ప్రశ్నలు. ఈ ఒక్క కొలతతో చూస్తే మూడు పార్టీల మధ్య ఉన్న గోడలు కూలిపోతాయని నా అభిప్రాయం.

ముందు దయ్యాల సంగతి చూద్దాం. మా బాపు తరం వాళ్లకు దయ్యం అంటే విఠలాచార్య దయ్యమే. 1978లో వచ్చిన 'జగన్మోహిని'ని మా బాపు చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చొని చూశాడట. అందులో జయమాలిని దయ్యం. కట్టెలు లేకపోతే తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఇప్పటికీ మా ఇంట్లో కట్టెలు తడిసి మంట రాజుకోకపోతే మా అవ్వ "ఇగ నా కాళ్లు పెట్టాల్నా?" అంటుంది. మేమంతా నవ్వుతాం. ఆ దయ్యం మనిషికి నవ్వు తెప్పించింది, ఇంటికి ఒక సామెతనిచ్చింది. దాన్ని చూసి ఎవరూ పక్కింటివాణ్ణి అనుమానించలేదు. విఠలాచార్య మీద చదువుకున్నవాళ్లు విసుర్లు విసిరిన మాట నిజమే. కాని నా కొలత ప్రకారం ఆయన నిర్దోషి.

తర్వాత 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. రేవతి నాయిక. ఒక మామూలు కుటుంబం, ఒక కొత్త ఇల్లు, చచ్చిపోయిన ఒక పిల్లి. పగటి వెలుతురులో, మనకు తెలిసిన ఇంట్లో భయం పుట్టించవచ్చునని తెలుగువాళ్లకు చూపించిన సినిమా అది. పనితనం విషయంలో దానికి నేను నమస్కారం పెడతాను.

కాని మిత్రులారా, మా ఊర్లో రాత్రి అంటే అర్థం వేరు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చేదాకా అర్ధరాత్రి కరెంటు కోసం రైతులు కాచుకొని కూర్చున్నారు. టార్చిలైటు పట్టుకొని, చీకట్లో గట్ల మీద నడిచి, తడి చేతులతో మోటరు స్టార్టరు నొక్కివచ్చిన వాళ్లలో మా బాపు ఒకడు. "బాపూ, నీకు దయ్యాల భయం లేదా?" అని చిన్నప్పుడు అడిగితే, "దయ్యమైతే మాట్లాడొచ్చు బిడ్డా, పామును, షాకును బతిమిలాడలేం గదా" అన్నాడు. పొలంలో పనిచేసే మనిషి భయాల పట్టికలో దయ్యం చాలా కింద ఉంటుంది.

పైన ఉండేది మరొకటి ఉన్నది. దాని పేరు మంత్రాల అనుమానం. బాణామతి అనండి, చేతబడి అనండి, పేరేదైనా ఒకటే. దీని గురించి రాయకుండా మన దగ్గర దయ్యాల సినిమాల మీద వ్యాసం రాస్తే అది పండుగ పూట తోరణం కట్టినట్టే ఉంటుంది, చూడడానికి తప్ప దేనికీ పనికిరాదు.

2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును గదిలోనే సజీవంగా తగలబెట్టారు. చంపినవాళ్లు పరాయివాళ్లు కారు, చుట్టాలే. చేతబడి చేసి తమవాణ్ణి చంపాడని వాళ్ల అనుమానం. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో కులసంఘం సమావేశం జరుగుతుండగానే ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పొడిచి చంపారు. అక్కడ కూడా అదే అనుమానం. జగిత్యాల మనకు దూరదేశం కాదు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు అయ్యేదాకా జగిత్యాల, పెద్దపల్లి రెండూ కరీంనగర్ జిల్లావే. చంపినవాళ్లు, చచ్చినవాళ్లు మన యాసలోనే మాట్లాడేవాళ్లు. పోయినవాళ్లలో ఒకాయన ఇంజనీరు. చదువు ఆయన్ను కాపాడలేదు.

మా ఇంటి సంగతి కూడా చెబుతాను. మా బాపుకు చిన్నాన్న ఒకాయన ఉన్నాడు. నాకు చిన్నతాత. భార్య పోయింది, పిల్లలు లేరు. ఊరి చివర ఒంటరిగా ఉంటాడు. అమావాస్య రాత్రుల్లో నక్షత్రాలు చూపించి కార్తెలు లెక్కపెట్టడం నాకు నేర్పింది ఆయనే. కొన్నేళ్ల కింద మిరుగం దాటి మొదటి వానలు పడ్డ వారంలో మా వాడలో మూడు బర్రెలు చచ్చిపోయాయి. సాయంత్రం మేత మేసిన బర్రె తెల్లారేసరికి గొంతు వాచి, గురకపెట్టి పడిపోయింది. ఒక్క రాత్రిలో ఊరి చూపులన్నీ మా చిన్నతాత గుడిసె మీదికి పోయాయి. "రాత్రిపూట ఆకాశం చూసుకుంట ఏం సదువుతడు?" అని ఒకరు. "ఒంటిగాడు, ఏం చేసినా అడిగేదెవరు?" అని ఇంకొకరు.

పశువుల డాక్టరు వచ్చి చూసి గొంతువాపు అన్నాడు. ఇది నేను ఇప్పుడు పాఠంలో చదువుకున్నాను. పాశ్చరెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. తొలకరి వానలప్పుడు తేమ పెరిగి, పశువు నీరసపడ్డప్పుడు విజృంభిస్తుంది. వానలకు ముందే టీకా వేయిస్తే ఆగుతుంది. మిగిలిన పశువులకు టీకాలు వేశారు, చావులు ఆగాయి. కాని చిన్నతాత మీది అనుమానానికి టీకా లేదు. ఎన్నో నెలలు ఆయన చేతి నీళ్లు ఎవరూ తాగలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక సినిమా వచ్చింది. అందులోని మాంత్రికుని పేరు పెట్టి పోరగాళ్లు ఆయన్ను పిలవడం మొదలుపెట్టారు. వాళ్లకది ఆట. ఆయన మాత్రం చాయ్ హోటలుకు రావడం మానేశాడు.

కాబట్టి నా ఫిర్యాదు దయ్యాల మీద కాదు. చేతబడి నిజంగా పనిచేస్తుందని రెండున్నర గంటలసేపు నిరూపించే సినిమాల మీద. 2023లో వచ్చిన 'విరూపాక్ష' తీసుకోండి. కార్తీక్ దండు దర్శకుడు. చూస్తున్నంతసేపు నేను కుర్చీలోంచి లేవలేదు, అది ఒప్పుకోవలసిందే. రుద్రవనం అనే ఊర్లో క్షుద్రపూజలు చేస్తున్నారని భార్యాభర్తలను జనం తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. ఆ మొదటి ఘట్టం చూసి, "ఆహా, మన సంగతి తెరమీదికి వచ్చింది" అనుకున్నాను. కాని ఆ తర్వాత కథ నడిచేదంతా క్షుద్రశక్తి నిజమే అన్న నమ్మకం మీద. తగలబెట్టిన గుంపు మీద పెట్టవలసిన భయాన్ని తీసుకుపోయి తగలబడ్డవాళ్ల మీద పెట్టారు. 2021లో వచ్చి, రెండో భాగం కూడా చూసిన 'మా ఊరి పొలిమేర' కూడా చేతబడి చుట్టూ తిరిగేదే. మన పల్లెను పల్లెలా చూపించడం బాగుంది. దాని మలుపులు చూసి హాస్టలంతా ఈలలు వేశారు. నేను మాత్రం చిన్నతాతను తలుచుకొని కూర్చున్నాను.

"సినిమాను సినిమాలాగ చూడాలె గని, గింత లోతుకు పోతరా?" అంటాడు నా రూమ్మేటు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యను. సినిమా చూసినవాళ్లంతా కత్తి పట్టుకోరు. చేతబడి అనుమానం సినిమాల కంటే వెయ్యేళ్లు ముసలిది. అయినా యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చిన రోజుల్లో అట్లాంటి రచనలకు విమర్శకులు 'క్షుద్ర సాహిత్యం' అని పేరు పెట్టి గొడవ పడ్డారు. ఇష్టపడ్డవాళ్లు ఇష్టపడ్డారు, తిట్టినవాళ్లు తిట్టారు. కనీసం చర్చ జరిగింది. ఇప్పుడు మనం చర్చ కూడా చెయ్యడం లేదు. వసూళ్లు ఎన్ని కోట్లు అని మాత్రమే అడుగుతున్నాం. నేను నిషేధం కోరడం లేదు. చూసినంక నోరు విప్పుదాం అంటున్నాను.

ఇంతకూ మంచి భయం సినిమా సాధ్యం కాదా? సాధ్యమే. 2009లో కోడి రామకృష్ణ తీసిన 'అరుంధతి' చూడండి. అందులో పశుపతి అనే దయ్యం ఎవరు? బతికున్నప్పుడు అధికారం, పొగరు ఉన్న మగవాడు. ఆడవాళ్ల మీద పడ్డవాడు. చచ్చినంక కూడా ఆ బుద్ధి మారలేదు. మా ఊరి ఆడవాళ్లు ఆ సినిమాను అంతగా ఎందుకు మెచ్చుకున్నారో నాకు తర్వాత అర్థమైంది. సమాధిలో బంధించినా లేచివచ్చే అటువంటి పశుపతులను వాళ్లు గోడ అవతల ఎప్పుడూ చూస్తూనే ఉన్నారు.

కల్ట్ పార్టీ మిత్రులకు 'ఖలేజా' అంటే ప్రాణం. 2010లో త్రివిక్రమ్ తీసినప్పుడు జనం సరిగా ఆదరించలేదు. 2025లో మళ్లీ విడుదలైతే థియేటర్లలో పండుగ చేసుకున్నారు. వీళ్లంతా మహేష్‌బాబు మాటలు కంఠస్థం చేశారు గాని, కథను మరిచిపోయారు. పాలి అనే మారుమూల ఊర్లో మనుషులు అంతుపట్టకుండా చచ్చిపోతుంటారు. ఊరివాళ్లు దేవుని కోసం ఎదురుచూస్తుంటారు. తీరా చూస్తే ఆ చావుల వెనుక ఉన్నది ఆ నేలలోని ఖనిజం మీద కన్నేసిన ధనికుని దురాశ. భయం దయ్యంతో మొదలై డబ్బు దగ్గర తేలుతుంది. రామగుండం బొగ్గుబావులు పక్కనే పెట్టుకొని బతికే మనకు ఈ కథ పరాయిది ఎట్లా అవుతుంది? ఇరవైసార్లు చూసినవాళ్లు ఇరవై ఒకటోసారి ఈ దృష్టితో చూడాలని నా ప్రార్థన.

ప్రపంచంలో కల్ట్ సినిమా అన్న మాటకు పెద్ద ఉదాహరణగా చెప్పేది 1968లో అమెరికాలో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. తక్కువ డబ్బుతో, నలుపు తెలుపులో తీసిన సినిమా. చచ్చినవాళ్లు లేచి బతికినవాళ్లను తింటుంటే, ఒక ఇంట్లో చిక్కుకున్న కొందరు రాత్రంతా పోరాడతారు. వాళ్లలో తెలివీ ధైర్యమూ ఉన్నవాడు బెన్ అనే నల్లజాతి యువకుడు. శవాల గుంపును తట్టుకొని తెల్లారేదాకా బతుకుతాడు. పొద్దున రక్షించడానికి తుపాకులతో వచ్చిన మనుషులు అతణ్ణి కిటికీలో చూసి, వీడూ శవమే అనుకొని కాల్చిపారేస్తారు. సినిమా అయిపోతుంది. దయ్యాల చేతిలో చావనివాడు అనుమానం చేతిలో చచ్చాడు. ఎక్కడి అమెరికా, ఎక్కడి మల్యాల! తెలుగులో ఇటువంటి ముగింపు ఉన్న భయం సినిమా ఒక్కటి వస్తే, టికెట్ కొని మా వాడ మొత్తాన్ని తీసుకుపోతాను.

ఇక ఆర్టు పార్టీ. "భయం గురించి మాట్లాడుతూ ఆర్టు సినిమాల్లోకి ఎందుకు పోయినవ్?" అంటారేమో. నా వాదన అంతా ఇక్కడే ఉన్నది. మన ప్రాంతపు అసలైన భయం సినిమాలు అవార్డు సినిమాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' చూడండి. మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. పనిచేస్తే లాభపడేది యజమానే కనుక పనే చెయ్యనని మొండికేసిన ఒక తండ్రి, అతని కొడుకు. ఆ ఇంటికి వచ్చిన కోడలు కాన్పు నొప్పులతో చచ్చిపోతుంటే కదలని మనుషులు. ఏ దయ్యం సినిమాలోనూ నాకు అంత చలి పుట్టలేదు. ఆకలి మనిషిని ఏం చేస్తుందో అందులో చూశాను.

బి. నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మా భూమి' 1980 మార్చి 23న విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా నిజాం కాలపు రైతాంగ పోరాటాన్ని చూపించింది. అది వచ్చేనాటికి మన పక్కన ఏం జరుగుతున్నది? 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. దొరలకు ఎదురు తిరిగి వేలమంది కూలీలు, రైతులు నడిచారు. అదే ఏడాది ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తెరమీద ముప్పై ఏళ్ల కిందటి కథ నడుస్తుంటే, మన జిల్లా ప్రేక్షకునికి అది నిన్నటి వార్తలా కనబడి ఉండాలి.

1988లో నర్సింగరావు స్వయంగా తీసిన 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటి అర్చన. కళా దర్శకత్వానికి అవార్డు తీసుకున్నది తోట వైకుంఠం. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి ఆయన పుట్టిన ఊరు. పెద్ద బొట్టు పెట్టుకున్న మన పల్లె ఆడవాళ్ల బొమ్మలతో దేశమంతా పేరు పొందిన చిత్రకారుడు. కథ చిన్నది. కమలాక్షి అనే పిల్ల దొరసాని వెంట గడీకి వచ్చిన దాసి. దొర ఇష్టమే ఆమె బతుకు. కడుపు పండితే ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. అందులో అరుపులు లేవు. భయపెట్టే సంగీతం లేదు. గడీ తలుపులు, మెట్లు, అడుగుల చప్పుడు. అంతే.

మొన్న దసరా సెలవుల్లో ఆ సినిమాను మా బాపమ్మకు చూపించాను. ఆమె తల్లి గడీలో వెట్టి చేసిన మనిషి. నేను అనుకున్నట్టు ఏడవలేదు, కదలకుండా చూసింది. సగంలో, "గా అర్ర తలుపు మూస్తున్నరు, ఇగ నాకు చూపెట్టకు" అని లేచిపోయింది. కొంచెంసేపటికి వచ్చి ఇట్లా అన్నది: "బిడ్డా, దయ్యం మొఖం చూసినోళ్లు మనూర్ల ఎవ్వలు లేరు. దొర మొఖం మా అవ్వ గూడ చూల్లేదు, తల ఎత్తితే గద సూసుడు." నేను చదివిన ఏ సినిమా విమర్శలోనూ ఇంతకంటే గొప్ప వాక్యం లేదు.

అయితే ఆర్టు సినిమాల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉన్నది. కష్టజీవుల ఇంట్లో కష్టం ఒక్కటే ఉండదు. మా ఇంట్లో పంట పోయిన ఏడాది కూడా నవ్వులు ఉన్నాయి, సామెతలు ఉన్నాయి, మా అవ్వ 'కాళ్లు పెట్టాల్నా' అన్న మాట ఉన్నది. చాలా అవార్డు సినిమాల్లో పేదవాడు నవ్వడమే మరిచిపోతాడు. అందుకే ఆ సినిమా ఎవరి గురించి తీశారో వాళ్లే దాన్ని చూడరు. విఠలాచార్యలోని సరదా, నర్సింగరావులోని నిజం ఒక్కచోట కలిస్తే ఎంత బాగుండును! ఇది అత్యాశ అని నేను అనుకోను.

మాటలు చెప్పి తప్పించుకోకుండా విద్యార్థి సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, పాఠాలు చెప్పే ప్రొజెక్టరు మీదనే నెలకొక శనివారం ఒక సినిమా వేద్దాం. ఒక నెల దయ్యం సినిమా, ఒక నెల కల్ట్ సినిమా, ఒక నెల ఆర్టు సినిమా. అయిపోయినంక అరగంట తప్పనిసరిగా చర్చ. లెక్చరర్లు కూడా మాతోపాటు కూర్చోవాలె, హాజరు మాత్రం తీసుకోవద్దు. రెండు, ఎన్.ఎస్.ఎస్. ఏడు రోజుల క్యాంపులో ఒక రాత్రి ఊరి నడుమ తెర కట్టి సినిమా చూపిద్దాం. సినిమాకు ముందు పశువుల డాక్టరుతో పది నిమిషాలు గొంతువాపు టీకా గురించి మాట్లాడిద్దాం. ఊరు ఒక్కచోట చేరేది సినిమాకే, ఆ సమయం వదులుకోవద్దు. మూడు, మనలో ఫోను లేనివాడు లేడు. పది నిమిషాల సినిమా మనమే ఒకటి తీద్దాం. తొలకరి వాన, చచ్చిపోయిన బర్రె, ఊరి చివరి గుడిసె, ఆ గుడిసె వైపు చేతుల్లో కట్టెలతో నడుస్తున్న జనం. దయ్యం వేషం ఎవరికీ అక్కర్లేదు. ఖర్చు కూడా లేదు. పాత్రధారులకు మా ఊర్లో భోజనాల ఏర్పాటు నాది.

పాత విద్యార్థులు, పెద్దలు ఎవరైనా ఈ పని కోసం ఒక తెల్లటి తెర, ఒక మంచి స్పీకరు ఇప్పిస్తే రెండో ప్రతిపాదన వచ్చే మిరుగానికి ముందే మొదలుపెట్టవచ్చు. టీకాలు వేసే కాలం కూడా అదే.